దీవి ఖాళీ అన్నారు

నా చిన్నప్పుడు లీసెస్టర్ బడిలో జాగ్రఫీ టీచరు మాకు ఒక్కొక్కరికి ఒక్కో దీవి పంచింది. నాకు వచ్చింది కెనడా పడమటి తీరాన, ఉత్తర పసిఫిక్‌లో ఉన్న దీవి. సోమవారం క్లాసు ముందు నిలబడి దాని గురించి మాట్లాడాలి. బాగా మాట్లాడినవాళ్ళకే పై సెట్లో, అంటే చురుకైన పిల్లల సెక్షన్లో, చోటు. నీ దీవిలో చెప్పడానికేముంది, వాన, చెట్లు, మనుషులే లేరు అని టీచరు నవ్వింది. క్లాసంతా నవ్వింది.

లైబ్రరీ పుస్తకంలోనూ అంతే ఉంది. ఏడాది పొడవునా వాన, సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండలు, వాటి మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి ఉప్పునీటి పాయలు, ఒడ్డున ఆల్చిప్పల గుట్టలు, ఒకే ఒక్క ఊరు. నేల కఠినం కాబట్టి జనం తక్కువ అని రాసుకున్నాను.

మా మేనత్త అప్పుడు మా ఇంట్లో ఉంటూ ఆసుపత్రిలో డాక్టరుగా చేసేది. ఆదివారం ఆమెకు డ్యూటీ లేదు. నేను రాసింది చదివి ముఖం ముడుచుకుంది. నేను తెచ్చిన పెద్ద మ్యాపు చూస్తూ తీరాన్నీ వాగులనూ మాత్రం పల్చటి కాగితం మీద గీసి, మ్యాపు మడిచేసింది.

"నువ్వే అక్కడ ఇల్లు కట్టుకోవాలనుకో. ఎక్కడ కడతావే?"

ఈదురుగాలి తగలని చోట, వాగు సముద్రంలో కలిసే చోట, పడవను ఒడ్డుకు లాగే వీలున్న చోట చుక్కలు పెట్టాను. అత్త ఆ కాగితాన్ని మ్యాపు మీద పరిచింది. నా చుక్కల్లో చాలావాటి కింద చిన్న అక్షరాలతో 'పాడుబడిన ఊరు' అని ఉంది.

"మనూళ్ళో పాటిదిబ్బ చూశావుగా. పాత ఊరున్న చోటని, మట్టి సారమని పొలాలకు తోలుకుపోతారు. ఈ ఒడ్డున ఆల్చిప్పల గుట్టలున్నాయని నీ పుస్తకంలోనే ఉంది. వేల ఏళ్ళు మనుషులు తిని పారేసినవి. అదీ పాటిదిబ్బే."

"మరి వాళ్ళేమయ్యారత్తా?"

"తెల్లవాళ్ళ ఓడల్లో మశూచి వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళే పోయాయి. మిగిలినవాళ్ళు ఒక్క చోట చేరారు. నేల కఠినమట, నేల. ఆ 'కాబట్టి' కొట్టెయ్."

టీచరు చెప్పిందే చెబితే పోలా, సెట్ పోతుందమ్మా అని నాన్న వంటింట్లోంచి అన్నాడు.

"అన్నయ్యా, నువ్వు కాసేపు ఊరుకో," అంది అత్త.

సోమవారం క్లాసులో ఇదంతా చెప్పాను. అది చరిత్ర, జాగ్రఫీ కాదు, కూర్చో అంది టీచరు. కింది సెట్‌కు పంపింది. ఇంటికొచ్చి ఏడుస్తుంటే అత్త ఓదార్చలేదు. "ఆవిడ అది అబద్ధమందా?" అని మాత్రం అడిగింది. అనలేదు. అప్పుడు ఏడుపు ఆగి కోపం మొదలైంది.

ఆ కోపం నన్ను వదలలేదు, నేనూ వదలనివ్వలేదు. ఎక్కడైనా జనం తక్కువ అని రాసి ఉంటే ఎప్పటినుంచి అని అడుగుతాను, సంవత్సరంతో సహా చెప్పమంటాను. నిరుడు ఒక మ్యూజియం గోడ మీద, వేరే దీవి మ్యాపు కింద ఆ మాటే కనిపించింది. కౌంటరు దగ్గరి అమ్మాయి తనకు తెలియదంది. తెలిసినవాళ్ళను పిలవమని చెప్పి, కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను.