తిరగబడింది తిమ్మప్ప పుట్టి కాదు

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నా నోట పడితే జెల్లచేప మొసలవుతుంది, మొసలి బస్సంత అవుతుంది, ఆ బస్సులో టికెట్లు కొట్టే కండక్టరు కూడా పుట్టుకొస్తాడు. కాబట్టి మీరు కొంత తగ్గించుకుని చదువుకోండి. ఒక్కదాన్ని మాత్రం తగ్గించకండి. ఏళ్లుగా గుండె మీద ఒక బరువు మోస్తున్నాను. దాన్ని నవ్వులాట చేసి దించుకోవాలని ఎన్నోసార్లు చూశాను. దిగలేదు.

గద్వాల దగ్గర కృష్ణలో నేను పుట్టి నడుపుతాను. పుట్టి అంటే వెదురుతో అల్లి అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. పెద్ద గంప అనుకోండి. ఆదివారాలు పట్నం నుంచి జనం వస్తారు. వాళ్లను ఎక్కించుకుని నది మధ్యలో ఉన్న రాళ్లగుట్ట దాకా తిప్పి, కొంగలను చూపించి, కథలు చెప్పి తీసుకొస్తాం. మల్దకల్ దగ్గర మా చేనులో వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఈ పనికి వచ్చాను. నాకు తెడ్డు పట్టడం నేర్పింది తిమ్మప్ప. అతను పుట్టగానే ఏడవలేదని, నేరుగా ఈదాడని నేను పట్నంవాళ్లకు చెప్పేవాణ్ని. మాకు చుట్టరికం ఏమీ లేదు. అయినా ఒకరికొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం.

ఆ రోజు పైనుంచి నీళ్లు వదిలారు. నది కాస్త బలిసి ఉంది. నా పుట్టిలో ఒక కుటుంబం, వాళ్లతో ఒక ముసలమ్మ. పుట్టిలో ఒకటే కట్టుబాటు, ఎవరూ లేచి నిలబడకూడదు. ఎక్కేవాళ్లకు ఆ మాట చెప్పేది నేనే. నిలబడింది కూడా నేనే. ఎందుకు? మొసలి నోరెలా తెరుస్తుందో చూపించడానికి! ముసలమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వేవాళ్లు దొరికితే నాకు ఒళ్లు తెలియదు. ఇంకాస్త నవ్విద్దామని చేతులు చాచి ముందుకు వంగాను. పుట్టి ఒరిగింది. అందరం నీళ్లలో ఉన్నాం.

ఒంటి మీద లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి మిగతావాళ్లు బోర్లాపడిన పుట్టిని పట్టుకుని తేలారు. ముసలమ్మను మాత్రం నీళ్లు లాక్కుపోతున్నాయి. నేనేం చేశాను? పుట్టి అంచు వదలకుండా అరిచాను. అంతే చేశాను. గుట్ట వైపు నుంచి ఖాళీగా వస్తున్న తిమ్మప్ప ఆమెను జబ్బ పట్టి తన పుట్టిలోకి లాగాడు, తర్వాత మిగతావాళ్లను ఎక్కించుకున్నాడు. ఒడ్డుకు చేరగానే వాళ్లందరినీ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. ముసలమ్మ బతికింది. ఆ కుటుంబం అటునుంచి అటే పట్నం వెళ్లిపోయింది.

నేను నా పుట్టిని సరిచేసుకుని ఒడ్డుకు వచ్చేసరికి మిగతా పుట్టివాళ్లంతా పోగై ఉన్నారు. వాళ్లు చూసింది ఒక్కటే, తిమ్మప్ప పుట్టిలోంచి తడిసిన జనం దిగడం.

"ఏమైందన్నా? తిమ్మప్ప పుట్టి తిరగబడ్డదా?" అని అడిగారు.

"అవు" అన్నాను.

నా జన్మలో ఏమీ కలపకుండా చెప్పిన మాట అదొక్కటేనేమో. నేనూ తడిసి ఉండటం చూసి, కాపాడటానికి దూకాననుకున్నారు. దానికీ కాదనలేదు. భయంతోనే అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయమైతే ఆ రోజుతో పోవాలి కదా? మర్నాటి నుంచి దాన్ని కథ చేసి చెప్పిందెవరు? వినేవాళ్లు కళ్లు పెద్దవి చేసిన కొద్దీ నది పెరిగింది, ముసలమ్మ పోయి పెళ్లిబృందం వచ్చింది, వాళ్లను నేను ఒక్కొక్కరిగా భుజాన వేసుకుని ఈదాను. ఎంత పెంచినా అందులో ఒకటి మాత్రం మారలేదు. తిరగబడ్డ పుట్టి తిమ్మప్పదే.

మా దగ్గర వంతులుంటాయి. ఎవరి వంతుకు వచ్చినవాళ్లను వాళ్లే ఎక్కించుకోవాలి. తిమ్మప్ప వంతు రాగానే జనం వెనక్కి జరిగేవారు. "ఆయన వద్దు, వేరే పుట్టి చూడండి" అనేవారు. అతని తర్వాతి వంతు నాది. నేను తెడ్డు తీసుకుని లేచేవాణ్ని.

అతను చెప్పుకోలేదా? చెప్పుకున్నాడు. "తిరగబడ్డది నాది కాదు" అన్నాడు. ఎవరిదో మాత్రం చెప్పలేదు. అది నా నోటితో నేనే చెప్పాలనుకున్నాడేమో. నా కథలో సుడిగుండాలున్నాయి, అతని మాటలో ఏముంది? ఎవరూ నమ్మలేదు.

ఒక పొద్దున టీ కొట్టు దగ్గర అందరి ముందూ అడిగాడు.

"బావా, నువ్వన్న చెప్పరాదు? నేను చెప్తే ఎవ్వరూ వింటలేరు. నువ్వు చెప్తే నమ్ముతరు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని చేతులు పట్టుకుని తల వంచుకున్నాను. అతను అర్థం చేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే పుట్టిని అమ్మేసి బిజినేపల్లి దగ్గర భార్య పుట్టింటివాళ్ల ఊరికి పోయాడు. అక్కడ పొలం కౌలుకు చేస్తున్నాడట. చూసిరావాలని బయలుదేరి వనపర్తి బస్టాండు దాకా రెండు మూడుసార్లు పోయాను. బిజినేపల్లి బస్సు ముందు నిలబడతాను, అది కదిలిపోతుంది, గద్వాల బస్సెక్కుతాను. ఎందుకు ఎక్కలేను? అతను తిడతాడనా? తిడితే బాగుండు. నన్ను చూసి "రా బావా, బువ్వ తిను" అంటాడని భయం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలిగాను. తిరగబడింది నా పుట్టి. నిలబడింది నేను. ఇలా రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. దీనివల్ల తిమ్మప్పకు ఒరిగేదేమీ లేదని కూడా తెలుసు. అయినా ఆడుతోంది.

ఇంకొకటి ఉంది. పైన ఒకచోట కల్పించాను. టీ కొట్టు దగ్గర నా కళ్లలో నీళ్లు తిరగలేదు. చేతులు పట్టుకోలేదు, తల వంచుకోలేదు. తిమ్మప్ప అలా అడగగానే నేను అందరి వైపూ తిరిగి, "ఏమని చెప్పాలె బావా? మొసలే ఎక్కి కూసుండి పుట్టిని తిప్పిందని చెప్పాల్నా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. కాసేపు చూసి తిమ్మప్ప కూడా నవ్వాడు. ఇందులో నేను కలిపిందేమీ లేదు.