బిళ్ల కుంగిందా, ఉబ్బిందా

నా చిన్నప్పుడు అమలాపురం దగ్గర మా తాతయ్య రాగి కరిగించి చెంబులూ బిందెలూ చేసేవారు. ఐదో తరగతితోనే బడికీ నాకూ తెగిపోయింది. ఎవరు ఎవర్ని వదిలేరో ఇప్పటికీ తేలలేదు. అందుకని పగలల్లా కొలిమి దగ్గరే ఉండేవాణ్ణి. వచ్చినవాళ్లని నవ్వించడం నా ఉద్యోగం.

ఒక వేసవిలో పక్కింటి అత్తయ్యగారు వాళ్లమ్మ నీళ్లు కాచుకున్న చిన్న రాగి కాగు తెచ్చేరు. ఆ పెద్దావిడ పోయి ఇంకా నెల కాలేదు. అడుగంతా చిల్లులు పడ్డ ఆ కాగుని కరిగించి చెంబు చెయ్యమనీ, వేరే రాగి ఒక్క తునక కూడా కలపొద్దనీ అడిగేరు. తాతయ్య ఒప్పుకున్నారు. కానీ కరిగించిన ప్రతిసారీ కొంత మసై పోతుంది. ఉన్నదేమో ఒక చెంబుకే సరి. పగిలిందంటే మళ్లీ చేసే వీల్లేదు.

కరిగిన రాగి గాలి తాగుతుంది. ఎక్కువ తాగితే సుత్తి దెబ్బకి బీటలు తీస్తుంది. అందులో ఉండేది ఆక్సిజన్ అనీ, ఇప్పుడు గొట్టం ముంచి కొలిచేస్తారనీ మొన్న మా మనవడు చెప్పేడు. మా తాతయ్య మాత్రం గరిటెతో ఒక చుక్క తీసి చిన్న గుంటలో పోసేవారు. చల్లారేక బిళ్ల నడుమ కుంగిందంటే గాలి ఎక్కువున్నట్టు. అప్పుడు పచ్చి సరుగుడు కర్ర గుచ్చితే రాగి కుతకుతలాడి ఆ గాలి వదిలేది. కర్ర ఎక్కువసేపు ఉంచితే గాలి మరీ తగ్గిపోయి బిళ్ల బుగ్గలా ఉబ్బేది. అదీ పనికిరాదు. సమంగా ఉంటేనే అచ్చులో పొయ్యాలి.

ఆ రోజు మొదటి బిళ్ల కుంగింది. తాతయ్య కర్ర గుచ్చేరు. అత్తయ్యగారి మొహం ఆ బిళ్లకన్నా కుంగి ఉంది. నేను చూడలేక, వాళ్లమ్మగారు ఒడియాల దగ్గర కాకుల్ని ఎంత మర్యాదగా తోలేవారో చేసి చూపించేను.

"వెళ్లండి, వెళ్లండి, ఇంకా ఎండలేదండి."

అత్తయ్యగారు పకపకా నవ్వేరు. తాతయ్య కూడా కర్ర సంగతి మర్చిపోయి నవ్వేరు. ఇంకేముంది, నేను ఆ పెద్దావిడ నడకా, దగ్గూ అన్నీ మొదలెట్టేను. అత్తయ్యగారి నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలీనే లేదు. ఈలోగా తాతయ్య పోసిన రెండో బిళ్ల ఉబ్బింది.

"పాడైపోయిందా బాబాయిగారూ?" అన్నారు అత్తయ్యగారు, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"లేదమ్మా. కాసేపు గాలి తగలనిద్దాం, సర్దుకుంటుంది."

గాలి తగలకుండా రాగి మీద కప్పిన కొబ్బరిచిప్పల బొగ్గుని తాతయ్య పక్కకి నెట్టేరు. తర్వాత నా వేపు తిరిగి, కోపం లేకుండా అన్నారు: "నువ్వూ ముందు ఒక చుక్క పోసి చూడరా. మొహం చూసేక మిగతాది పొయ్యి."

 నేను వెళ్లి అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే అన్నారు, "ఆయ్, తోలేదే గానీ ముందు ఓ ముద్ద వేసేది వాటికి" అని. మూడో బిళ్ల సమంగా వచ్చింది. మర్నాడంతా సుత్తి ఆడింది. చెంబుకి ఒక్క బీటా పడలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటేయి. ఎవరైనా పోయిన ఇంటికి వెళ్తే నా నాలుక దురదపెడుతూనే ఉంటుంది. ఒక్క చిన్న మాట వదిలి మొహం చూస్తాను. కుంగితే నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను. నవ్వేరనుకోండి, అక్కడితో ఆపాలి. ఆ ఆపడమే ఇంకా నేర్చుకుంటున్నానండి.