ఎండుకాయలో నిద్రపోయే పురుగు

మీ వంటింటి వెనక పేర్చుకున్న పత్తికట్టెలో ఎవరు నిద్రపోతున్నారో ఎప్పుడైనా చూశారా? మొన్న చిలకలూరిపేట దారిలో ఒక ఇంటి పొయ్యిలోంచి ఆ కట్టెల పొగ ముక్కుకు తగలగానే నాకు మా బడి మార్తమ్మ టీచరు గుర్తొచ్చారు.

ఎనభైల్లో మా ఊరి చేలన్నీ పత్తే. నేను ఎనిమిదో తరగతి చదివిన ఏడాది కాయలు పైకి నున్నగానే ఉన్నాయి, లోపల మాత్రం గులాబీరంగు పురుగు గింజల్ని తినేసింది. ఎంత మందు కొట్టినా కాయలోకి దిగలేదు. నాన్న దిష్టి అన్నాడు. చేను నాలుగు మూలలా మంత్రించిన నిమ్మకాయలు పాతాడు. "వచ్చే ఏడూ ఇట్టాగే పోతే దీన్ని బడి మాన్పించి కూలికి పంపుతా" అన్నాడు. ఆ సంగతి తెలిసి టీచరు మా ఇంటికొచ్చారు.

"మీ చర్చిలో ప్రార్థన చేయిస్తే పోద్దా ఏంది టీచరమ్మా?" అని నాన్న ఎకసెక్కెమాడాడు.

"మా పాస్టరు గారి చేలోనూ ఇదే పురుగండి. ప్రార్థనకీ పోలేదు, మీ నిమ్మకాయకీ పోలేదు. అది పడుకుంది మీ పెరట్లోనే."

కట్టెల మోపులోంచి ఎండుకాయలు నాలుగు తుంచి, పచ్చడి సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి నా చేతికిచ్చారు. "ఎవరి మాటా నమ్మబాకు, నా మాట కూడా. రోజూ చూడు."

వేసవంతా చూశాను. తొలకరి పడ్డాక ఒక పొద్దున, వడ్లగింజంత బూడిదరంగు రెక్కల పురుగు సీసాలో కొట్టుకుంటోంది! కాయ విప్పి చూస్తే తెలిసింది, ఆ గులాబీ పురుగే రెండు గింజల్ని తన నోటి దారంతో కలిపి కుట్టుకుని, ఎండలన్నీ ఆ గూట్లోనే గడిపి, కొత్త మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి రెక్కలతో లేచింది. పరుగెత్తి టీచర్ని పిలుచుకొచ్చాను. నాన్న సీసాను తిప్పి తిప్పి చూశాడు. అమ్మ అడిగింది: "కట్టెలన్నీ తగలేస్తే అన్నం దేంతో వండేది టీచరమ్మా?"

"కట్టెలుంచుకోండమ్మా. వాటికున్న కాయలు తుంచి ఇవాళే పొయ్యిలో పెట్టండి. మీరొక్కరే చేస్తే చాలదు, పక్కింటి పురుగు మీ గట్టు దగ్గర ఆగదుగా."

సీసా పట్టుకుని ఆవిడ వెంట ఇల్లిల్లూ తిరిగాను. "ఏందే, సీసాలో దేవుణ్ణి మోసుకొస్తున్నావా?" అని నవ్విన వాళ్లకు కాయ విప్పి చూపించాను. నవ్వినవాళ్లే సాయంత్రానికి మోపులు విప్పారు.

ఆ ఏడాది పురుగు అసలు రాకపోలేదు. కానీ మా చేను తెల్లగా విచ్చింది, నేను బడి మానలేదు. ఇప్పటికీ ఎవరు ఏ మహిమ చెప్పినా నా చెయ్యి సీసా కోసం వెతుకుతుంది.

చదవడం ఆపి లేవండి. పెరట్లోకెళ్లి ఒక ఎండుకాయ విప్పి చూడండి. చూశాక పక్కింటి తలుపు తట్టండి.