గాఫ్ అనే ఊళ్లు

నిరుడు నవంబరు మొదటి శుక్రవారం, పొద్దున ఐదు గంటల నలభై నిమిషాలకు మా మేడమ్ వంటింట్లోకొచ్చి, నేను చెల్లెలని పిలిచే కడపామె రాత్రి నిద్రలోనే పోయిందని చెప్పింది.

అల్ హైల్ అనే ఈ అరబ్బు ఊళ్లో, ఈ ఇంట్లోనే మేమిద్దరం పదకొండేళ్లు కలిసి పనిచేశాం. తర్వాత ఆమెను పడమటి ఎడారి పక్కనున్న మేడమ్ బంధువుల ఇంటికి పంపారు. ఊరి పేరు గాఫ్. గాఫ్ అంటే మన జమ్మిచెట్టే. వెళ్లిన వారానికే ఫోన్ చేసి నవ్వింది. "అక్కా, ఊరికీ ఇదే పేరు, పక్కన వాగుకీ ఇదే, దిబ్బకీ ఇదే. ఈళ్లకి పేర్లు కరువైనట్టుండాయి."

ఆమె ముస్లిం. మధ్యాహ్నంలోపే మట్టి చేస్తారు. ఆలోగా ముఖం చూడాలని ఆరున్నరకు బయలుదేరాను. డ్రైవరు హైదరాబాదు అతను.

"ఏ గాఫ్ అమ్మా? ఈడ చెట్టుకో గాఫ్ ఉంటది. మీ కడపోళ్లు అడ్రస్ ఇట్లనే చెప్తరు."

"ఇబ్రీ టౌను దాటినాక వస్తాదంట. నువ్వు పోనీ నాయనా."

పది దాటి పది నిమిషాలకు మొదటి గాఫ్ వచ్చింది. ఒక ఇంటి ముందు చాప మీద ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన కాఫీ కూజా, ఖర్జూరాలు. డ్రైవరు కారు ఆపి, సలాం చెప్పి, ఏం విశేషాలని అరబ్బీలో అడిగాడు. చావు గురించి మొహం మీద ఎలా అడుగుతామన్నాడు. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఏమీ లేవు, అంతా క్షేమం, దిగి కాఫీ తాగండి అన్నాడు.

"సావైతే చెప్పకుంటరా? ఇది కాదమ్మా. ముందట ఇంకో గాఫ్ ఉంది."

"కాఫీలకు టైం లేదు, పద" అన్నాను.

రెండో గాఫ్‌లో మేడమ్ బంధువుల ఇల్లే లేదన్నారు. అక్కడి కొట్టతను ఎవరికో ఫోన్ చేసి, మీరు దాటి వచ్చిందే ఆ ఊరన్నాడు. తిరిగి వచ్చేసరికి పన్నెండూ ఇరవై. చాప మీద ఇప్పుడు పదిమంది ఉన్నారు.

ఆ ముసలాయన ఆమె పనిచేసిన ఇంటి యజమానే. పరామర్శకు వచ్చేవాళ్ల కోసం పొద్దుటినుంచీ బయట కూర్చున్నాడట. ఇక్కడ ఎంత కష్టం వచ్చినా మొదటి మాట క్షేమమేనట. అతిథి కూర్చుని కాఫీ తాగాకే అసలు సంగతి చెబుతారట. ఆయన వచ్చీరాని హిందీలో, "దిగమన్నాను కదమ్మా. అప్పుడు ఆమె ఇంట్లోనే ఉంది" అన్నాడు. నా కళ్లలోకి చూడలేకపోయాడు.

పదకొండున్నరకు మట్టి చేశారు. ఆడదాని సమాధికి మూడు రాళ్లు పెడతారట. పేరు రాయరు. దూరం నుంచి చూపించారు. ఏవి ఆమెవో నాకు తెలియలేదు.

పోయినవి ఇవి: ఒక మనిషి, వయసు నలభై ఆరు. ఒక ఆఖరి చూపు. రెండు గంటల పది నిమిషాలు.