నల్ల పిల్లనగ్రోవికి కొత్త బిళ్లలు

నా చిన్నప్పుడు కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లలో మా నాయన పిల్లనగ్రోవి లేకుండా పెళ్లి ఊరేగింపు కదిలేది కాదు. బ్యాండు మేళంలో అందరికంటే ముందు ఆయన, ఆయన పక్కన నేను. పెళ్లికూతురి కంటే నేనే గొప్పదాన్నని నా నమ్మకం.

ఒక ఎండాకాలం మద్రాసు నుంచి ఒకాయన వచ్చి మేళంలో చేరాడు. ఆయన పిల్లనగ్రోవి వెదురుది కాదు, నల్లటి చేవకర్రది. దాని ఒంటినిండా వెండిలా మెరిసే మీటలు. మీట నొక్కితే కింద ఉన్న మెత్తటి బిళ్ల లేచి రంధ్రం తెరుచుకునేది, వదిలితే మూసుకునేది. సినిమా పాటలన్నీ అచ్చంగా పలికేవి. మేళం పెద్ద ఆయన్ని ముందుకు పిలిచి, మా నాయన చేతికి కంచు తాళాలిచ్చి వెనక వరసలోకి పంపాడు. ఇంట్లో ఎవరైనా ఆ పాటలు కూనిరాగం తీస్తే నాయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు. నాకైతే ఆ మద్రాసాయన నడక చూసినా ఒళ్లు మండేది.

ఒక పొద్దున ఆయనే మా గుమ్మం ముందుకొచ్చాడు. సముద్రపు తేమకు బిళ్లలు ఉబ్బిపోయాయి, మిగిలినవాటిని బొద్దింకలు కొరికేశాయి. కొత్తవి కావాలంటే మద్రాసు వెళ్లాలి. సాయంత్రమే ఊరేగింపు.

"నువ్వే కాపాడాలన్నా" అని నాయన చేతిలో పిల్లనగ్రోవి పెట్టి వెళ్లాడు. మేళంలో డోళ్లకు తోలు బిగించేదీ, చిరిగినవి అతికేదీ నాయనే మరి.

నాయన ముందు సైకిల్ ట్యూబు గుండ్రంగా కత్తిరించి అతికించాడు. చక్కగానే పలికింది. కాసేపు ఎండలో పెట్టి మళ్లీ ఊదబోతే రబ్బరు మెత్తబడి రంధ్రాలకు కరుచుకుపోయింది. మీట నొక్కినా బిళ్ల లేవలేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇట్టనే ఇచ్చేయి నాయనా. సగం వీధిలో ఆగిపోతాది. అప్పుడు నిన్నే పిలుస్తారు" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఆ మాట నీకంటే ముందే అనుకున్నా పాపా" అన్నాడు మెల్లగా, గుండె మీద చెయ్యి వేసుకుని. "వాడు ఊదతా ఉంటే నాకిక్కడ మండతాది. మండనీ. అట్టని చేతికొచ్చిన పని చెడగొడతానా?"

రబ్బరంతా పీకేసి నన్ను పక్కింటి అక్క దగ్గరికి పంపాడు. ఆమె చేపలు అమ్మే మనిషి. పెద్ద చేప పొట్టలో ఉండే గాలితిత్తి కావాలని అడిగితే, "తిత్తితో పాట పాడిస్తాడా మీ నాయన!" అని నవ్వుతూ ఇచ్చింది. నాయన దాన్ని కడిగి, పలచటి పొర ఒలిచి, పళ్లెం మీద పరిచి ఆరబెట్టాడు. పాత గొంగళి అంచు నుంచి చిన్న బిళ్లలు కోసి, వాటికి ఆ పొర తొడిగి, కరిగించిన లక్కతో మీటలకు అతికాడు. ఒక్కో బిళ్ల కింద గాలిపటం కాగితం ముక్క పెట్టి లాగమన్నాడు నన్ను. కాగితం బిగిసి ఉంటే గాలి పోదు. జారిపోవాలని నేను లోపల దేవుణ్ణి మొక్కుతూనే లాగాను. ఒకచోట జారింది. నాయన ఆ బిళ్ల తీసి మళ్లీ వేశాడు.

సాయంత్రం ఆ పిల్లనగ్రోవి మునుపెన్నడూ లేనంత కమ్మగా మోగింది. జనం ఈలలు వేశారు. వెనక వరసలో నాయన ముఖం బిగుసుకుపోయి ఉంది, తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. మంచిపని చేశాడు కదా, ఈపాటికి మనసు చల్లబడి ఉంటుందనుకున్నాను నేను. ఇంటికొస్తూ దారిలో అడిగాను.

"ఇంకా మండతా ఉందా నాయనా?"

"మండతానే ఉండాది" అని గట్టిగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వు విన్నాను.

ముందు వరస ఆయనకు మళ్లీ దక్కలేదు. అంతవరకూ నేను, మంచివాళ్లకు అసూయ పుట్టదనీ, పుడితే వాళ్లు మంచివాళ్లు కాదనీ అనుకునేదాన్ని. ఆ రోజు తర్వాత నా అసూయను చూసి నేను భయపడటం మానేశాను. నా కొడుక్కి రాని ఉద్యోగం మా తోడికోడలు కొడుక్కి వచ్చినప్పుడు వాళ్లింట విందుకు వంట చేసింది నేనే. గుండెల్లో మంట మంటగానే ఉంది. పులుసులో ఉప్పు మాత్రం సరిగ్గా వేశాను.