పిల్లలకోడి కోసం కొన్న టెలిస్కోపు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. యానాంలో పదకొండేళ్లుగా హైస్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందని ఎవరైనా అంటే, ఎలకల మందు పెట్టి చూడండి అని వెక్కిరించే నోరు నాది. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

మా నాన్నది పక్కనే ఉన్న జాలరిపల్లె, దరియాలతిప్ప. నలభై ఏళ్లు సముద్రం మీద వేటకెళ్లాడు. ఊపిరితిత్తులు పాడయ్యాక, అమ్మ కూడా లేకపోవడంతో, యానాంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. వేటలో ఆయనకి దారి చూపించినవి చుక్కలే. అందులో పిల్లలకోడి అంటే ప్రాణం. పుస్తకాల్లో కృత్తికలని రాసే చుక్కల గుంపుని మావాళ్లు అలాగే పిలుస్తారు.

వయసులో ఉండగా ఆ గుంపులో ఏడు చుక్కలు లెక్కపెట్టేవాడట. ఇప్పుడు కంటి ఆపరేషన్ అయినా అక్కడ మసక మరక తప్ప ఏమీ కనిపించడం లేదని, పోయేలోగా ఆ ఏడూ ఒక్కసారి చూడాలని ఉందని అన్నాడు. ఆయన నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. అదొక్కటే అడిగాడు.

కాకినాడలో ఒకాయన దగ్గర పాత టెలిస్కోపు కొన్నాను. నడుమెత్తు గొట్టం, అడుగున గుండ్రటి అద్దం. కొన్నది ఆషాఢంలో. బుద్ధి ఉన్నవాళ్లెవరూ వానాకాలంలో టెలిస్కోపు కొనరని తరవాత తెలిసింది. మా ఊళ్లో ఒకపక్క గోదావరి, ఇంకోపక్క సముద్రపు గాలి. మూతపెట్టిన ఉప్పు డబ్బాలో కూడా నీరూరుతుంది. నెల తిరక్కుండానే అద్దం మీద సాలెగూడు లాంటి బూజు మొదలైంది.

మందు సీసాల్లో, చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు పోగుచేసి గొట్టంలో వేశాను. బీరువాలో చిన్న బల్బు వెలిగించి, ఆ వెచ్చదనంలో పెట్టాను. డాబా మీంచి తెచ్చాక తడి ఆరేదాకా మూత పెట్టకూడదని చేతులు కాల్చుకున్నాకే నేర్చుకున్నాను. ఇంతా చేస్తే, పిల్లలకోడి సాయంత్రం పూట పైకి రావాలంటే కార్తీకం దాటాలి. అప్పటిదాకా అది తెల్లవారుజామునో, బాగా పొద్దుపోయాకో గాని పైకి రాదు. ఆ వేళప్పటి గాలి నాన్నకి పడదు. అందుకని ఆగుదామన్నాను.

శ్రావణంలో ముసురు పట్టిన ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి వాసన. ముసురు రోజుల్లో ఆరని బట్టలకీ, తలంటిన పసిపిల్లలకీ మా ఇళ్లలో సాంబ్రాణి పొగ వేస్తారు. నాన్న మూత తీసి, టెలిస్కోపుని ఒళ్లో పెట్టుకుని, గొట్టం నోటిని పొగ మీదికి వంచి పట్టుకున్నాడు. ఆయనకి పొగ విషంతో సమానం. దగ్గుతూనే పడుతున్నాడు.

"సెమ్మెక్కిపోతందమ్మా, కాత్త పొగేత్తే ఆరిపోద్దని," అన్నాడు.

అద్దం మీద జిగురుగా గోధుమరంగు పొర పట్టేసింది. నాకు ఒళ్లు మండింది. వలలు లాగిన చేతులకి అద్దం విలువేం తెలుస్తుందని అరిచాను. ఎదురుగా ఊపిరాడక కూర్చున్న మనిషి కనబడలేదు, ఆ మరకే కనబడింది.

"తప్పైపోయిందే అమ్మా. ఇంక ముట్టుకోను," అన్నాడు.

నిజంగానే ముట్టుకోలేదు. పిల్లలకోడి పేరు కూడా ఎత్తలేదు. అద్దం విప్పి కడగడం గంట పని. కోపంతో కొన్నాళ్లు, బద్ధకంతో కొన్నాళ్లు దాన్ని అలాగే బీరువాలో వదిలేశాను. ఆశ్వయుజంలో నాన్న పోయాడు.

మార్గశిరంలో ఒక ఆదివారం అద్దం విప్పాను. బ్యాటరీ షాపులో తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెల సబ్బు చుక్క వేసి కడిగితే ఆ పొర మొత్తం పోయింది. బిగించి, సాయంత్రం ఏడింటికి డాబా మీద పెట్టి, పిల్లలకోడికి గురిపెట్టాను.

కన్ను ఆనించే ఐపీసు మసకగా ఉంది. తుడిచాను. మళ్లీ మసకేసింది. మంచు అనుకున్నాను. కానీ మంచైతే పేరుకుంటూ పోవాలి. ఇది కమ్ముతోంది, తగ్గుతోంది, మళ్లీ కమ్ముతోంది. రెండడుగులు వెనక్కి జరిగి, ముక్కు మూసుకుని చూశాను. అప్పుడూ అంతే. పెట్టెలో ఉన్న రెండో ఐపీసు తీసి పక్కనే పెట్టాను. దాని మీద తేమ లేదు.

మూడుసార్లు గబగబా కమ్మి, కొంచెం ఆగి, మళ్లీ మొదలు. నాన్న ఆఖరి రోజుల్లో ఊపిరి అలాగే తీసేవాడు.

దిగి వచ్చేశాను. మా ఆయన వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆయన్ని పిలవకుండా డాబా మెట్ల మీదే కూర్చుండిపోయాను. డాబా మీదికి వేరే దారి లేదు. అరగంట తరవాత ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు టెలిస్కోపులోంచి జరిగిపోతాయి. నాలుగైదు నిమిషాలకోసారి గొట్టాన్ని జరిపే మరని చేత్తో తిప్పుతూ ఉండాలి. నాదానికి మోటారు లేదు. అరగంటకి అందులో ఖాళీ ఆకాశం కనబడాలి.

మా ఆయన వంగి చూసి, "సరిగ్గా మధ్యలోనే ఉన్నాయి. ఇప్పుడే తిప్పావా?" అన్నారు.

నేనూ చూశాను. నిజమే. ఐపీసు మీద మసక లేదు.

ఆయన మర దానంతటదే జారి ఉంటుందన్నారు, నువ్వు టైము సరిగా చూసుకోలేదన్నారు. అవేనేమో తేల్చుకుందామనుకున్నాను. తరవాత అదే చోట, అదే వేళకి ఎన్నోసార్లు పెట్టి చూశాను. ప్రతిసారీ ఐదు నిమిషాల్లో చుక్కలు జారిపోయాయి. ఆ అరగంట మర ఎవరు తిప్పారో ఈ రోజుకీ నాకు తెలియదు. 

ఆ సాయంత్రం మా ఆయన కిందికి దిగిపోయాక కాసేపు అక్కడే నిలబడ్డాను. "అద్దం పాడవలేదు నాన్నా, కడిగితే పోయింది," అన్నాను. ఒక్క గంట పని చేసి ఉంటే, ఆయన మొహం చూసి చెప్పగలిగిన మాట అది.