గురజాల మీదికొచ్చిన సూర్యుడి తుపాను

ఆ రోజుల్లో కొత్త మాస్టారి చేతికి సుద్దముక్క దొరికితే చాలు, సూర్యుడికి కూడా తప్పులు దిద్దేవాడు. నేనూ అంతే. గురజాల దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిగా చేరి ఏడాది కాలేదు. ఉద్యోగం ఖాయం కావాలంటే ఇన్‌స్పెక్టరుగారు నా పాఠం మెచ్చుకోవాలి. పుస్తకంలో ఉన్నదే చెబితే నా గొప్పేముంది? (పొగరు, ఇంకేముంది!) సూర్యుడి మీద తుపాను రేగితే ప్రోటాన్లు దూసుకొస్తాయనీ, భూమి అయస్కాంతశక్తి వాటిని ధ్రువాల వైపు మళ్ళిస్తుందనీ, అవి అక్కడ పైగాలిలో పుట్టించే నైట్రోజన్ ఆక్సైడ్లు మనకు గొడుగులాంటి ఓజోన్‌ను కొంత తినేస్తాయనీ ఏదో పత్రికలో చదివి, దాన్నే ఎంచుకున్నాను.

బజార్లో రేడియోలు బాగుచేసే మస్తాన్‌ను అందరం రేడియో మామ అనేవాళ్ళం. పాఠం కోసం నేను అడిగితే, పాత స్పీకరులోంచి గుండ్రటి బిళ్ళ అయస్కాంతం తీసిచ్చి, "ఎట్టా పెట్టాలో చెప్పమంటారా సారూ?" అన్నాడు.

"మామా, ఫిజిక్సు చదివింది నేను," అన్నాను.

రబ్బరు బంతిని కోసి, అయస్కాంతాన్ని లోపల నిలబెట్టి, పైన దేశాలు గీశాను. పాఠం రోజున మైకు బాగుచేయడానికి వచ్చిన మామ తలుపు దగ్గరే ఆగి చూస్తున్నాడు. "ఇవిగో ప్రోటాన్లు!" అంటూ ఇనుపరజను చల్లాను. అది ధ్రువాల ముఖం కూడా చూడకుండా బంతి నడుముకు, సరిగ్గా మన దేశం మీద, గుబురుగా అతుక్కుంది.

ముందు బెంచీ పిల్ల లేచింది. "ఓజోను మనకాడే పోద్దా సార్? అయితే మా కళ్ళంలో మిరపకాయలు తొరగా ఎండుతయ్యా?"

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలో కూర్చున్న ఇన్‌స్పెక్టరుగారు కళ్ళజోడు తీశారు. నా ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

మామ లోపలికొచ్చాడు. "సారూ, ముందు తప్పు చూపించి తర్వాత ఒప్పు చూపిస్తానని నిన్న చెప్పారే, ఇప్పుడు తిప్పమంటారా?" తల ఊపాను. బంతి విప్పి అయస్కాంతాన్ని పడుకోబెట్టి ఇచ్చాడు. మళ్ళీ చల్లితే రజను రెండు ధ్రువాల దగ్గరా కుచ్చులుగా నిలిచింది.

"భేష్! తప్పుతో మొదలుపెట్టి నేర్పడం బాగుందండీ," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

సాయంత్రం కొట్టుకెళ్ళి, "ఎందుకు మామా నాకోసం అబద్ధమాడావు?" అన్నాను.

"ఇయ్యాల మీ పరువు పోతే రేపు పిల్లోళ్ళు మీ మాట ఇంటారా? అయినా ఆ బిళ్ళకి అటో ముఖం, ఇటో ముఖం, ఆ రెండు ముఖాలే ధ్రువాలు. అడిగితే ఏం పోయేది సారూ?"

ఎంత పెద్దమనసు! సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత రిటైరయ్యేదాకా ఆ పాఠాన్ని ఏటా తప్పుతోనే మొదలుపెట్టాను. అయస్కాంతం తిప్పే ముందు మాత్రం, మామ లేడని తెలిసిన ఏళ్ళలో కూడా, ఒకసారి తలుపు వైపు చూసేవాణ్ణి.